యాడికి

అగ్గిపెట్టెకన్నా రొంత పెద్దది.
కమలానగర్ అంగట్లో ఇర్ఫాన్ నా చేతిలో పెట్టి
"వైరుతో పని అయిపోయిందన్నా ఇంక" అన్న్యాడు.
మూడువేల రెండునూర్లు. బేరమాడితే మూడువేలు.
సగం నాది, సగం సుంకన్నది,
కారు మాదిరే.

అంతకు ముందు వైరుండేది.
మెడకాడ తెగి, నల్ల టేపు చుట్టుకోని,
కింద టోలు రసీదు మడిచి పెడితేనే పలికేది.
గుంతలో బండి దిగినప్పుడల్లా
దావ చూపే బొమ్మ గుటుక్కుమనేది.
దాని మింద చెయ్యి పెట్టుకోనే కూచునేవాడు సుంకన్న,
జరమొచ్చిన బిడ్డ నుదురు మింద పెట్టినట్ల.

ఇది అట్ల కాదు.
తాళం తిప్పుతానే నీలం దీపం ఆడిస్తాది.
ముప్పై లెక్కబెట్టేలోపల
జేబులోని ఫోను స్క్రీను మింద తేల్తాది.
పగలు నాది, రేయి వాడిది.
రెండు ఫోన్లనూ గుర్తు పెట్టుకునింది డబ్బీ,
ఎవురు ఎక్కితే వాళ్ళ పేరు చూపిచ్చేది.

మొదటి దినం, బుక్కరాయసముద్రం కాడ
మైకు నొక్కి పెట్టి, వెనక ఎక్కిన ముసలామెను
"యాడికి మా?" అని అడిగినా.
ఆమె నోరు తెరవకముందే
"యాడికి. గంటా నలభై నిమిషాలు" అనె స్క్రీను.
తాడిపత్రికి అవతల, సుంకన్న పుట్టిన ఊరు.
వాడు ముందర సీట్లో కడుపు పట్టుకోని నవ్వినాడు.
"మా ఊరి పేరు అడిగేవాళ్ళే గానీ
పొయ్యేవాళ్ళు లేకపాయె వలీ,
ఇన్నాళ్ళకు ఇదొకటి బయల్దేరింది."

తగాదా టైరు కాడ వచ్చె.
పద్దెనిమిది నూర్లు. ఎవురి దినంలో పగిలిందని.
మాట కంతు దాకా పోయె,
కంతు దాటి ఇండ్లల్లోకి పోయె.
వాడు తన వాటా ఎత్తుకోని
బండల లారీకి కుదురుకున్న్యాడంట.
నాలుగు నెల్లు.
రేయీ నాదే పగలూ నాదే,
నిద్ర మాత్రం యాడనో.

"ఆయన ఫోను ఇంకా ఉండాదన్నా దీంట్లో,
'మర్చిపో' అని నొక్కితే సాలు" అన్న్యాడు ఇర్ఫాన్.
వేలు దాకా తెచ్చినా.
అప్పుడే బాడిగకు ఫోనొచ్చె.
అబద్ధం. ఏ ఫోనూ రాలే.

నిన్న పొద్దుగూకే యాళకు, తాడిపత్రి బంకులో ఆపినా.
వైరు లేని సుకానికి మరిగి
చార్జింగు వైరు గూడా ఇంట్లోనే మర్చినా,
నా ఫోను చచ్చి రెండు గంటలు.
డీజిలు కొట్టించి తాళం తిప్పితే
నీలం దీపం ఊరికే ఆడతాంది,
ఎవురూ లేని వాకిట్లో కుక్కపిల్ల తోక మాదిరి.
వెనక ఒక లారీ వచ్చి ఆగె, నిలువునా బండల పొడి.
ఇరవై దాకా లెక్కబెట్టినా.
స్క్రీను మింద: సుంకన్న.

వాడి చార్జింగు. వాడి గడియారం, నాదాంట్లో ఉండే టైమే.
తలుపు కొట్టకుండా ఒకరింట్లోకి పోయినట్ల
కండ్లు దించుకున్నా.
తగాదా సంగతి డబ్బీకి ఎవురూ చెప్పలే.

అంతలో ఫోను మోగె, నా కార్లో.
నేను ఎత్తలే. లారీలో వాడే ఎత్తినట్లుంది.
వాళ్ళమ్మ గొంతు నాలుగు స్పీకర్లలో నిండె.
"యాడుండావు నాయనా? తిన్న్యావా?
అలో? పలకవేందిరా?"
అద్దంలో చూస్తే వాడు
ఫోను చెవికానించుకోని నోరు ఆడిస్తాండాడు.
ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అందడం లే.
మధ్యలో నేను.

"మా, నేను వలీని" అన్న్యా.
"వాడు ఈడే ఉండాడు. బాగుండాడు."
రొంతసేపు ఏమీ వినబడలే.
"ఇద్దురూ తినండి మరి" అని పెట్టేసె.

వాడు దిగి వచ్చినాడు.
కనుబొమ్మలు గూడా తెల్లంగ.
నోట్లోకి అలవాటు మాటే వచ్చె.
"యాడికి?"
"బెంగుళూరికి, లోడు" అన్న్యాడు.
నవ్వలే.
వంగి, ఎనక టైరును కాలితో తట్టి చూసినాడు.
పద్దెనిమిది నూర్ల టైరును.
"గాలి తక్కువుండాది" అని లారీ ఎక్కె.

లారీ బంకు దాటి రోడ్డెక్కేదాకా
వాడి పేరు నిలబడె, ఆనక ఆరిపాయె.
గాలి పట్టే అంగడి ఎడంపక్క ఉండాది.
స్క్రీను అడగలే గానీ
నేనే తిప్పుకున్నా.